ఒక చేతి జాడీలు

జ్ఞానాంబ చివరిసారిగా చేసిన పని బీరకాయల చెక్కు తీయడం.

1986 మే నెల. చిత్తూరులో పొద్దున తొమ్మిదికే పెరటి గచ్చు కాలు పెట్టనివ్వని రోజులు. వంటింటి గడప దగ్గర కత్తిపీట వేసుకుని కూర్చుని, నాలుగు బీరకాయల ఈనెలు గీసి, పొట్టును ఒక సత్తు పళ్లెంలోకి, ముక్కలను ఒక గిన్నెలోకి వేరు చేసింది. ముక్కలు మధ్యాహ్నం పప్పులోకి, పొట్టు సాయంత్రం పచ్చడిలోకి. చేదు ఉందేమోనని ప్రతి కాయ కొసనూ కొరికి చూసింది. ఆ తర్వాత పళ్లెం పక్కకు జరిపి, గోడకు ఆనుకుని, కొంచెం ఆయాసంగా ఉందనీ, నీళ్లు తెచ్చిపెట్టమనీ మునిలక్ష్మిని అడిగింది. మునిలక్ష్మి చెంబుతో వచ్చేసరికి ఆమె కళ్లు తెరిచే ఉన్నాయి, చూపు మాత్రం లేదు.

నలభై రెండేళ్లు. గుండె అన్నాడు డాక్టరు. ఇల్లు జనంతో నిండింది. ఎవరో పొయ్యి ఆర్పారు, ఎవరో ముక్కల గిన్నె ఎత్తి లోపల పెట్టారు. పొట్టున్న పళ్లెం ఎవరి కంటా పడలేదు. మరుసటి రోజు పెరడు ఊడ్చినప్పుడు అది ఎండి, నల్లటి తీగల్లా చీపురుకు చుట్టుకుంది. ఇరవయ్యేళ్లలో ఆ ఇంట్లో బీరపొట్టు పెంటకుప్పకు పోవడం అదే మొదలు.

మునిలక్ష్మికి ఆమె చిన్నమ్మ, తండ్రి తమ్ముడి భార్య. తండ్రి రాజారత్నం చిత్తూరులో మామిడికాయల మండీ నడిపేవాడు. తమ్ముడు గోవిందస్వామి ఆ మండీలోనే తూకాలు చూసుకునేవాడు. అరవై ఆరులో రేణిగుంట నుంచి జ్ఞానాంబను చేసుకున్నాడు. అరవై ఎనిమిదిలో విషజ్వరం తగిలి పది రోజుల్లో పోయాడు. పిల్లల్లేరు. ఇరవై నాలుగేళ్ల మనిషిని పుట్టింటికి పంపుదామా, ఇక్కడే ఉంచుకుందామా అని పెద్దలు నడవలో కూర్చుని మాట్లాడుకుంటుంటే, ఆమె లోపల వాళ్లందరికీ ఉలవచారు కాస్తూ ఉంది. ఆ చారు పోసుకుని తిన్నాక పుట్టింటి మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఇది ఆ ఇంట్లో నవ్వుకుంటూ చెప్పుకునే కథ. మునిలక్ష్మి కూడా విన్నప్పుడల్లా నవ్వేది.

తిండి మీద అంత మక్కువ ఉన్న ఇల్లు ఆ వీధిలో మరొకటి లేదు. ఇడ్లీ తింటూనే మధ్యాహ్నం సంగటిలోకి ఏమిటని అడిగేవాళ్లు, సంగటి తింటూ చలికాలంలో వచ్చే అనపకాయల గురించి మాట్లాడుకునేవాళ్లు. ఆ కాలం రాగానే ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని నానిన అనపగింజలను వేళ్ల మధ్య పితికేవాళ్లు. పితికిపప్పు కూర వండిన రోజు మండీకి ఆలస్యంగా పోయినా తప్పు లేదు. రాజారత్నం మంచివాడు. కోపం లేదు, తాగుడు లేదు, మరదలిని పేరు పెట్టి కసిరింది లేదు. ఉప్పు తక్కువైన రోజు మాత్రం తలెత్తకుండా తిని లేచిపోయేవాడు. ఆ మౌనానికి ఇల్లంతా భయపడేది.

ఆ ఇంట్లో దేనికీ లోటు లేదు. జ్ఞానాంబ మాత్రం లోటులో పని నేర్చుకున్న చేతులతోనే వచ్చింది. రేణిగుంటలో తండ్రి రైల్వే గేటు కాసేవాడు, ఆరుగురు పిల్లల్లో ఆమె పెద్దది. ఉలవలు ఉడికించిన నీళ్లు చారుకు పోతే, ఉడికిన ఉలవలకు తాలింపు పెట్టి సాయంత్రం గుగ్గిళ్లు చేసేది. బియ్యం కడిగిన మొదటి నీళ్లు కుడితి కుండలోకి, రెండో నీళ్లు పులుసులోకి. పనసగింజలు ఇసుకలో పూడ్చి ఉంచి, వానలప్పుడు తీసి పప్పులో వేసేది. మటిక్కాయలు, అంటే గోరుచిక్కుళ్లు, చవగ్గా దొరికినప్పుడు మజ్జిగలో నానేసి ఎండబెట్టి ఒరుగులు చేసి, సంతలో కూరగాయ ముట్టుకోలేని నెలలో వాటిని నూనెలో వేయించేది. వంట రంపపు పొట్టు పొయ్యి మీద. పొద్దున ఒక్కసారి పొట్టు కూరిందంటే దాని మీదే అన్నం, పప్పు, కూర అయ్యేవి. మంట తగ్గాక పాలు, పాలు దించాక వంకాయలు కాల్చడం, చివరి వేడికి స్నానాల నీళ్లు. పొయ్యి చల్లారేలోపు ఏదో ఒకటి దాని మీద ఉండాల్సిందే.

పెద్ద కోడలు శకుంతలమ్మ, అంటే మునిలక్ష్మి తల్లి, మొదట్లో విసుక్కునేది. మనకేం కరువని వంకాయ తొడిమలు కూడా పులుసులో వేస్తావు, పారేయరాదా అనేది.

"పారేసేదానికి తొందరేముండాదక్కా" అనేది జ్ఞానాంబ. "రేపు గూడా పారేయొచ్చు."

రాజారత్నం ఈ మాటను మండీకి తీసుకుపోయి, మెత్తబడిన కాయలు చూపించి గొణిగే బేరగాళ్ల దగ్గర వాడుకునేవాడు.

పెరటి గుమ్మం దగ్గరికి రోజూ రెండు పూటలా సిద్ధమ్మ వచ్చేది. గిన్నెలు తోమి, కుడితి తీసుకుపోయేది తన బర్రెకు. గుమ్మం దాటి లోపలికి వచ్చేది కాదు. ఆమె తోమి బోర్లించిన గిన్నెల మీద ఇంకో చెంబు నీళ్లు పోశాకే లోపలికి తీసుకోవడం ఆ ఇంటి కట్టుబాటు. ఆ నీళ్లు పోసేది జ్ఞానాంబే. ఇద్దరిదీ ఇంచుమించు ఒకే వయసు, ఇద్దరికీ మొగుళ్లు లేరు. ఒకరు గడప లోపల, ఒకరు గడప బయట కూర్చుని గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్లు. ఏం మాట్లాడుకునేవాళ్లో మునిలక్ష్మి ఎప్పుడూ చెవి పెట్టలేదు.

వంటింటికి ఆనుకుని, పెరటి వైపు చిన్న తలుపున్న గది ఒకటి ఉంది. దాన్ని ఊరగాయల గది అనేవాళ్లు. మోకాలెత్తు పింగాణీ జాడీలు ఐదు. మామిడి వ్యాపారి ఇంటి ఊరగాయ అంటే మాటలా. వేలూరు నుంచి, మద్రాసు నుంచి వచ్చే బేరగాళ్లు ఆ ఇంట్లో ఒక పూట భోజనం చేసిగాని పోరు. ఆ గదికి ఒక నియమం ఉంది. ఊరగాయ కలిపిన చేయే మూడో రోజు తిరగ కలపాలి, ఆ చేయే నూనె పోయాలి, ఏడాది పొడుగునా పెద్ద జాడీలోంచి చిన్న జాడీలోకి ఆ చేయే తీయాలి. చేయి మారితే జాడీ ఓర్వదు, బూజు పడుతుంది. మునిలక్ష్మి నాయనమ్మ వరలక్ష్మమ్మ కాలంలో అది ఆమె చేయి. ఆమె మంచాన పడ్డ వేసవిలో ఇద్దరు కోడళ్లనూ పిలిచి, ఇద్దరి అరచేతులూ చూసి, ఆ పని చిన్నదానికి అప్పగించింది. శకుంతలమ్మ ఆ రోజు ఒక పూట అన్నం మానింది. తర్వాత ఊపిరి పీల్చుకుంది.

డెబ్బై ఐదులో జ్ఞానాంబ తల్లి పోయింది. రేణిగుంటలో పదకొండు రోజులుండి వచ్చి చూస్తే, ఒక జాడీ నిండా తెల్లగా పొర. ఇంట్లోవాళ్లందరూ తలుపు దగ్గర నిలబడ్డారు. శకుంతలమ్మ తప్పు ఒప్పుకుంది. నువ్వు లేనప్పుడు ఎవరో చుట్టాలొస్తే నేనే తీశానంది. "నా చేయి పడలేదు జ్ఞానాంబా. అది నీ జాడీ" అంది. ఆ మాటలో బాధ కంటే నెమ్మది ఎక్కువగా ఉంది, ఒక బరువు ఖాయంగా ఇంకొకరి నెత్తికి ఎక్కినప్పటి నెమ్మది. అందరూ తలలూపారు. పెద్దామె చెప్పిపోయింది నిజమేనన్నారు.

జాడీ ఖాళీ చేసి తుడుస్తూ జ్ఞానాంబ గరిటెను మునిలక్ష్మికి చూపించింది. కొయ్య గరిటె. కడిగి ఆరకుండానే ముంచారు, పిడి దగ్గర నీళ్లు పీల్చుకుని ఉబ్బి ఉంది.

"ఊరగాయకు కావల్సింది చేయి గాదు పాపా. పొడి గరిటె."

"మరి అమ్మతో చెప్పు" అంది పదకొండేళ్ల మునిలక్ష్మి.

"మీ అమ్మ పెద్దది" అంది జ్ఞానాంబ. గరిటెను ఎండలో పెట్టింది.

ఆ తర్వాత ఆమె ఎక్కడా రాత్రి బస చేయలేదు. చెల్లెలి పెళ్లికి పొద్దున బస్సెక్కి, తాళి పడగానే తిరుగు బస్సెక్కి వచ్చింది. నెలసరి మూడు రోజులకూ సరిపడా ముందే తీసిపెట్టుకునేది. బయటి ఊరు మాట వస్తే ఎవరూ వద్దనేవారు కాదు. జాడీ సంగతి చూసుకుని పొమ్మనేవారు.

డెబ్బై ఎనిమిది ఫిబ్రవరిలో ఆమె పెద్దమ్మ కొడుకు ధనంజయ వచ్చాడు. తిరుపతిలో ఒక ఆడపిల్లల హాస్టల్లో గుమాస్తా. భోజనానికి కూర్చోబెట్టారు. ఉలవచారు మూడుసార్లు పోయించుకుని, వంటింట్లోకి తొంగిచూసి, పెరట్లో కుడితి కుండ అడుగున చూసి మరీ వచ్చాడు.

"మా హాస్టల్లో పిల్లోళ్లు తినేదానికంటే పందులు తినేది ఎక్కువుండాది బావా" అన్నాడు రాజారత్నంతో. "ఈడ సూస్తే పందికి పిడికెడు గూడా మిగల్లేదే."

"దానికేమప్పా, పందికి మిగలకుండా తినేదానికి నువ్వొచ్చినావు గదా" అన్నాడు రాజారత్నం.

ధనంజయే అందరికంటే గట్టిగా నవ్వాడు. నవ్వి, అసలు మాట చెప్పాడు. హాస్టల్లో వంటవాళ్లకు పెద్దగా ఉన్న ముసలామె వేసవి సెలవులకు మానేస్తోంది. నూట ఇరవై మంది పిల్లలు. అన్నం వృథా కాకుండా, పిల్లలు ముఖం చిట్లించకుండా వండేవాళ్లు కావాలి. ఉండేందుకు గది ఇస్తారు, నెలనెలా జీతం. జ్ఞానాంబకు ఎనిమిదో తరగతి చదువుంది, లెక్క రాయగలదు. జూన్‌లో చేరాలి.

అప్పటిదాకా తలుపు వెనక నిలబడి వడ్డనకు పిలిస్తే తప్ప ముందుకు రాని మనిషి, గరిటె కింద పెట్టి బావ ఎదురుగా వచ్చి నిలబడింది.

"నేను పోతా బావా" అంది.

రాజారత్నం ఆకు మీంచి తలెత్తాడు. "పోవద్దని ఎవురన్నారమ్మా" అన్నాడు. "జూన్‌లో గదా. ఊరగాయలు పెట్టి పో."

ఆ రెండు మూడు నెలలు ఆమె వేరే మనిషి. పని చేస్తూ కూనిరాగం తీసేది. ఒక నోటు పుస్తకం తెప్పించుకుని నూట ఇరవై మందికి చింతపండు ఎంత, కందిపప్పు ఎంత అని రాసుకునేది. లెక్కలు మునిలక్ష్మి చేత చేయించేది. ఆరుగురికి ఇంత ఉప్పయితే నూట ఇరవైకి ఇరవై రెట్లని మునిలక్ష్మి గుణించి చూపిస్తే, కొట్టేసి పదిహేను రెట్లని రాసింది. ఉప్పూ పులుపూ మనుషుల లెక్కన పెరగవని చెప్పింది. ఎందుకు పెరగవని అడిగితే, గుంపులో ఒకరి నోరు చూసి ఇంకొకరు తింటారు గదా అని నవ్వింది. పిల్లలు పారేసే అన్నాన్ని ఏం చేయాలో కూడా రాసుకుంది. వడియాలు, అంబలి, ఆఖరికి బర్రెలు. పందులకు మాత్రం కాదు.

మే నెలలో నాటు మామిడికాయలు వచ్చాయి. ఐదు జాడీలూ నింపింది. మూడో రోజు తిరగ కలిపింది, నూనె పోసింది, వాసెన గుడ్డ కట్టింది. జూన్ మొదటి వారం ధనంజయ రాసిన ఉత్తరం వచ్చింది. రెండు రోజుల ముందే ట్రంకు పెట్టె సర్దుకుని నడవలో పెట్టింది.

బయల్దేరాల్సిన పొద్దున, ఇడ్లీలు తింటుండగా, శకుంతలమ్మ మామూలుగానే అడిగింది. "మరి జాడీలోంచి ఎవురు తీస్తారు?"

"ఎవురైనా తీయొచ్చక్కా. గరిటె పొడిగా ఉంటే చాలు."

"డెబ్బై ఐదులో సూసినాం గదా."

జ్ఞానాంబ ఆమె వైపు చూసింది. శకుంతలమ్మ తల వంచుకుని చట్నీ కలుపుతోంది. ఒక్క మాట. కడిగిన గరిటె ఆరబెట్టలేదు, అంతే, చేయి కాదు అని ఒక్క మాట. ఆ మాట అంటే మూడేళ్లుగా ఇల్లంతా నమ్మిన సంగతి పెద్ద కోడలి అశ్రద్ధగా మారిపోతుంది, అదీ మొగుడి ముందు, పిల్లల ముందు, అత్త ఫొటో కింద. గరిటె సంగతి తెలిసిన ఇంకో మనిషి ఆ నడవలో మునిలక్ష్మి ఒక్కతే. పద్నాలుగేళ్ల పిల్ల. చిన్నమ్మ కళ్లు ఒక్క క్షణం తన మీద ఆగినట్టు ఆమెకు గుర్తు. అప్పుడు ఆ చూపు దేనికో అర్థం కాలేదు. ఆమె మనసులో అప్పుడున్నది ఒకటే. రేపటి నుంచి పెరుగన్నంలోకి ఊరమిరపకాయలు ఎవరు వేయిస్తారు?

"నువ్వు పోతే నాకెవురు పెడతారు చిన్నమ్మా?" అంది.

అందరూ నవ్వారు. రాజారత్నం కూడా నవ్వాడు. నవ్వుతూనే, ఎంతో మెత్తగా అన్నాడు. "ఈ జాడీలు అయిపోయేదాకా ఉండమ్మా. వచ్చే ఏడు పెట్టకుంటే సరిపాయె. అప్పుడు పోదువులే."

ఎవరూ ఆమెను కాదనలేదు. అందుకే ఆమె ఎవరితోనూ పోట్లాడలేకపోయింది. ట్రంకు పెట్టె తానే లోపలికి మోసుకుపోయింది. ఆ మధ్యాహ్నం భోజనంలో ఉప్పు సరిగ్గానే ఉంది.

ఆ ఏడు జాడీలు ఫాల్గుణానికి అడుగంటాయి. ఈసారి ఊరగాయ పెట్టనని జ్ఞానాంబ ఒకటి రెండుసార్లు అంది. ధనంజయ మళ్లీ ఉత్తరం రాశాడు. హాస్టల్లో పెట్టుకున్న మనిషి కుదరలేదట, ఈ జూన్‌కైనా రమ్మన్నాడు. రాజారత్నం మాట తప్పే మనిషి కాదు. అయితే మామిడి మండీ వాళ్ల ఇంట్లో ఊరగాయ లేదంటే బేరగాళ్లు ఏమనుకుంటారని ఆయనకు తోచింది. ఒకరోజు తానే బండిలో నాటుకాయలు వేయించుకుని వచ్చి, పెరట్లో దింపించి, ఏమీ మాట్లాడకుండా మండీకి పోయాడు. కాయలు కళ్ల ముందు కుప్పగా ఉన్నాయి. రెండు రోజులుంచితే మెత్తబడతాయి. పారేయడం ఆమెకు చేతకాదని ఆయనకు తెలుసు. తెలిసే తెచ్చాడో, తెలియక తెచ్చాడో.

డెబ్బై తొమ్మిది ఊరగాయ లాంటిది ఆ ఇంట్లో అంతకు ముందు లేదన్నారు. వేలూరు బేరగాడు ఒకడు అరటాకు మీద ఎర్రటి నూనెను అన్నం మెతుకులతో తుడిచి తిన్నాడు. జ్ఞానాంబ మజ్జిగ చెంబుతో నిలబడి ఉంది.

"నీ చేతిలో ఏముండాదో గానీ జ్ఞానాంబా" అన్నాడు రాజారత్నం. "ఈ చేయి లేకుంటే మా ఇల్లు ఇల్లు గాదు."

ఆమె ఆయన్ని చాలాసేపు చూసింది. అంతసేపు బావ ముఖంలోకి ఆమె చూడటం మునిలక్ష్మి ఎప్పుడూ చూడలేదు. "బావా" అంది. ఏమిటన్నట్టు ఆయన తలెత్తాడు. పెరటి గుమ్మం దగ్గర సిద్ధమ్మ గిన్నెలు తోముతున్న చప్పుడు వినిపిస్తోంది. జ్ఞానాంబ అటు ఒకసారి చూసి, కొంచెం మజ్జిగ పోయమంటారా అని అడిగింది.

ధనంజయ ఉత్తరానికి జవాబు పోలేదు. ఆ తర్వాత ఆయనా రాయలేదు.

ఏళ్లు గడిచాయి. గ్యాసు పొయ్యి వచ్చింది. రంపపు పొట్టు పొయ్యి పెరట్లోకి చేరి స్నానాల నీళ్లకు మిగిలింది. కరువు వచ్చిన ఏడు నీళ్లు బిందెల లెక్కన వాడాల్సి వస్తే, వీధిలో అందరూ ఆమె దగ్గరికే వచ్చి అడిగి నేర్చుకున్నారు, కూర కడిగిన నీళ్లతో ఏం చేయాలి, గంజితో ఏం చేయాలి అని. ఆమె ఓపిగ్గా చెప్పేది. నవ్వేది కూడా. కానీ కూనిరాగం మళ్లీ వినబడలేదు. లెక్కల నోటు పుస్తకం కాగితాలు ఒక్కొక్కటే చింపి, అప్పడాల డబ్బాలో అడుగున పరిచింది.

మునిలక్ష్మి తిరుపతికి చదువుకు పోయి ఒక హాస్టల్లో చేరింది, ధనంజయ పనిచేసింది కాదు, ఇంకొకటి. సెలవులకు వచ్చినప్పుడల్లా జ్ఞానాంబ చదువు గురించి అడిగేది కాదు. పొద్దున ఏం పెడతారు, ఎంతమంది వండుతారు, మధ్యాహ్నం అన్నం ఎంత మిగులుతుంది, మిగిలింది ఏం చేస్తారు, ఇవే. రెండు తట్టలు మిగులుతుందంటే కళ్లు మూసుకునేది. ఒకసారి వచ్చి చూడరాదా చిన్నమ్మా, బస్సులో ఎంతసేపు అంటే, మాపటికి జాడీలోంచి తీయల్ల గదా పాపా అనేది. ఆ మాట విసుగుతో అనేది కాదు. పొద్దు పోయిందన్నంత మామూలుగా అనేది. అది విని మునిలక్ష్మికి ఒళ్లు మండేది. ఎవరు కట్టేశారు నిన్ను, నువ్వే పోవడం లేదు అని ఒకసారి అననే అంది. జ్ఞానాంబ ఆమె సంచీలో ఊరగాయ సీసా పెట్టి, మూతకు గుడ్డ చుట్టి, తడి తగలనీకుండా చూసుకోమంది.

ఎనభై ఆరులో ఆమె పోయేసరికి జాడీలు నిండి ఒక్క రోజు. మూడో రోజు తిరగ కలపాలి. శకుంతలమ్మ ఆ గది తలుపు దాకా పోయి, గొళ్లెం మీద చేయి వేసి, తీసేసింది. మునిలక్ష్మి తాను కలుపుతానని చేతులు కడుక్కుంటే, తల్లి మణికట్టు పట్టుకుని ఆపింది. మైల, పైగా నీ చేయి కాదు అంది. మునిలక్ష్మికి గరిటె సంగతి అప్పుడు గుర్తొచ్చింది. చెబుదామని నోరు తెరిచి, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన తల్లి ముఖం చూసి ఊరుకుంది. ఊరుకోవడం ఎంత సులువో ఆ క్షణంలో ఆమెకు తెలిసింది.

పదకొండో రోజు తర్వాత తలుపు తీస్తే, నూనె పడని ముక్కలు పైకి తేలి, ఐదు జాడీలూ తెల్లబడి ఉన్నాయి. చూసినవాళ్లు ముక్కు మీద వేలు వేసుకున్నారు. చేయి పోయింది, జాడీలు పోయాయి అన్నారు. రాజారత్నం గది మధ్యలో కింద కూర్చుని పెద్దగా ఏడ్చాడు. అంతకు ముందు పదకొండు రోజులూ ఆయన ఏడవలేదు. ఆయన ఏడ్చింది మనిషి కోసమో, ఊరగాయ కోసమో మునిలక్ష్మికి ఇప్పటికీ తెలియదు. ఆయనకూ తెలిసి ఉండదు.

పెరట్లో గుంత తీసి అంతా పోసి పూడ్చారు. ఖాళీ జాడీలు తోమడానికి సిద్ధమ్మ కూర్చుంది. మునిలక్ష్మి పైనుంచి నీళ్లు పోస్తోంది. సిద్ధమ్మ రెండు జాడీలు తోమి బోర్లించి, మూడోది దగ్గరికి లాక్కుంది. తర్వాత జాడీలోపలికి చేయి పెట్టి రుద్దుతూ అంది.

"మూడోనాడు నన్ను పిలిసింటే కలిపేసేదాన్ని గదా పాపా. ఇంత సరుకు మట్టిపాలు చేసినారు."

"నువ్వు కలిపితే మాత్రం నిలుస్తాదా" అంది మునిలక్ష్మి, వేరే ఏమనాలో తెలియక.

"ఏడేండ్లుగా నిలిసింది గదా."

సిద్ధమ్మ తలెత్తకుండా చెప్పుకుపోయింది. బండిలో కాయలు దింపిపోయిన ఆ ఏడు, నడిమధ్యాహ్నం, ఇంట్లో అందరూ పడుకున్నాక, జ్ఞానాంబ గది చిన్న తలుపు తీసి లోపలికి రమ్మందట. చేతులు సీకాయతో కడిగించి, తన పైట కొంగుతో తడి లేకుండా తుడిచిందట. నువ్వు కలుపు, చెడుతుందో లేదో చూస్తాం, చెడకుంటే బావతో చెప్పేసి తిరుపతికి పోతా అందట.

"మరి చెప్పలేదే" అంది మునిలక్ష్మి.

"చెప్తే ఏమవుతాది? ఊరగాయంతా పారబోస్తారు. నన్ను ఈ గుమ్మం కాడికి గూడా రానీరు. నా పాటికి నాకు ఇంగో ఇల్లు దొరకదా, నువ్వు చెప్పు అని నేనే పోరినా. ఐదు జాడీలు మట్టిలో పోస్తారు గదే సిద్ధీ అనింది." సిద్ధమ్మ జాడీని వంచి నీళ్లు ఒంపింది. "మళ్లేడు గూడా నన్నే కలపమనింది. ఆ పైయేడు గూడా. కలిపేదానికి తను మళ్లా చెయ్యి పెట్టనే లేదు."

శకుంతలమ్మ ముందు గదిలో నిద్రపోయేదనీ, మునిలక్ష్మి మిద్దె మీద కథల పుస్తకం చదువుకుంటూ ఉండేదనీ, మగవాళ్లు మండీలో ఉండేవాళ్లనీ సిద్ధమ్మ అంతా వరసగా చెప్పింది. ఉప్పు ఎంత, కారం ఎంత అన్నీ తలుపు సందులోంచే చెప్పేదట. అట్లయితే చిన్నమ్మ లోపల లేదా, ఎక్కడ ఉండేదని మునిలక్ష్మి అడిగింది.

సిద్ధమ్మ తడి చేత్తో పెరటి మెట్టు చూపించింది. ఎవరైనా వస్తే చెప్పేందుకు కాపలా కూర్చునేదట, సిద్ధమ్మ రోజూ కూర్చునే చోటే, గడప బయట. ఏడాదికి రెండు మధ్యాహ్నాలు, కలిపే రోజు, తిరగ కలిపే రోజు, ఒక్కో గంట.